రూతు నక్షత్రాలు తలకిందులుగా ఎందుకొచ్చాయి

ఈ ఉద్యోగం ఏమిటంటే

కాలేజీల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఫస్టియర్ పిల్లల బుర్రకు లూపులు ఎక్కుతలేవు, ఏం జేయాలె?" అని అడుగుతారు. నేను మొదలుపెట్టానంటే ఆపను. వాళ్ళ ఫోన్లో ఛార్జింగ్ అయిపోతుంది కానీ నా మాటలు అయిపోవు. ఈ మధ్య ఒకమ్మాయి చాలా మర్యాదగా, "మేడం, జర రాసిస్తరా? తీరికగ చదువుకుంట" అంది. సరే, రాస్తున్నాను. చదవడం, చదవకపోవడం మీ ఇష్టం.

ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు ఇందులో ఉండవు. వాటి గురించి రాస్తే నాకే నిద్ర వస్తుంది.

పైకి చూస్తే మన పని కంప్యూటర్ నేర్పడం. నిజం చెప్పాలంటే నేను సర్వీసంతా చేసింది ఒకటే పని, పిల్లల చేత తెర మీద నక్షత్రం గుర్తులు వేయించడం. మొదటి వరుసలో ఒక నక్షత్రం, రెండో వరుసలో రెండు, మూడో వరుసలో మూడు, అలా ఐదు దాకా. ఒక త్రిభుజం వస్తుంది. జనగామలో వేయించాను, మహబూబాబాద్‌లో వేయించాను, భూపాలపల్లిలో వేయిస్తూ వేయిస్తూ రిటైరయ్యాను. మా ఇంట్లోవాళ్ళు ఒకసారి చూసి, "గింతేనా? గీ సుక్కల కోసం నీకు జీతమిస్తున్నరా?" అని ఆశ్చర్యపోయారు.

ఇంతే. కానీ అంతా ఇందులోనే ఉంది. ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం లూపు. ఆ లూపు కడుపులో ఇంకో లూపు పెడితే నెస్టెడ్ లూపు. బయటి లూపు ఎన్నో వరుసో చూసుకుంటుంది. లోపలి లూపు ఆ వరుసలో ఎన్ని నక్షత్రాలు పడాలో చూసుకుంటుంది. ఇది అర్థమైన క్షణంలో పిల్లల ముఖం చూడాలి మీరు! నాకైతే ప్రతి ఏడూ ఆ రోజు పండగే. చప్పట్లు కొడతాను, ల్యాబంతా తిరుగుతాను, పకపకా నవ్వుతాను. మా అటెండర్ యాకూబ్ తలుపు సందులోంచి చూసి, "మేడం మళ్ల షురూ జేసింది" అనుకుంటూ వెళ్ళిపోయేవాడు. పిల్లలు నాకు నవ్వుల మేడం అని పేరు పెట్టారు. సుగుణ అన్న అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం రూతు. టేకుమట్ల దగ్గరి ఒక పల్లె నుంచి భూపాలపల్లి కాలేజీకి బస్సులో వచ్చే పిల్ల. అమ్మా నాన్నా కూలికి పోతారు. మొదటిసారి ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్ తప్పింది. రెండోసారి పరీక్ష దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం ల్యాబ్ గుమ్మంలో నిలబడింది.

"మేడం, గీసారి గూడ పోతే నేను కాలేజీ బంద్ జేస్త. మా మేనత్త పత్తి మిల్లుకు పోతది. ఆమెతోని పొమ్మంటున్నడు మా నాయిన."

"నువ్వేమంటున్నవ్?"

"నాకు రాదు గద మేడం. రానిదాని ముంగట కూసొని ఏం జేయాలె?"

ఐదు వరుసల త్రిభుజం ఒకటి తెర మీద పడకపోతే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. నాకు నవ్వు రాని రోజుల్లో అదొకటి. తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే, ఈ పాఠం చెప్పడం నాకెలా వచ్చిందో ముందు చెప్పాలి. పుస్తకాలు నేర్పలేదు. జనగామలో ఒక బట్టల సేటు నేర్పాడు. మహబూబాబాద్‌లో ఒక పెళ్ళి భోజనం నేర్పింది.

శంకరయ్య సేటు పేరు

మాది జనగామలో కిరాణా వ్యాపారుల ఇల్లు. అందరూ తక్కెడ పట్టుకుంటే నేను మౌస్ పట్టుకున్నాను. మొదటి ఉద్యోగం ఒక బట్టల దుకాణం మేడ మీద నడిచే కంప్యూటర్ సెంటర్లో. యజమాని శంకరయ్య సేటు. ఆయనకు కంప్యూటర్ గురించి తెలిసింది రెండే సంగతులు: దాని గదిలోకి చెప్పులతో పోకూడదు, దానికి ఉక్కపోయకూడదు. పిల్లలకు చెమటలు కారినా ఫర్వాలేదు, కూలర్ ముఖం మాత్రం కంప్యూటర్ వైపే ఉండాలి. రోజూ పొద్దున వచ్చి దానికో దండం పెట్టి కిందికి దిగేవాడు.

ఒకరోజు నా వెనక నిలబడి తెర చూశాడు.

"అమ్మా సుగుణా, గా సుక్కలెందుకు? నా పేరు రాదా గండ్ల?"

"వస్తది సేటూ."

రాసి చూపించాను. ప్రింటర్ కర్రుకర్రుమంటూ కాగితం నిండా శంకరయ్య, శంకరయ్య, శంకరయ్య. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ కాగితాన్ని దుకాణంలో తన గద్దె వెనక గోడకు అంటించుకున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"మా ఇంటామె పేరు గూడ కొట్టమ్మా."

కొట్టాను. ఆ తర్వాత బావమరిది పేరు. అల్లుడి పేరు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలందరి పేర్లు. ప్రతిసారీ ప్రోగ్రాం తెరిచి, పాత పేరు తీసేసి, కొత్త పేరు రాసి, ఎన్నిసార్లు రావాలో తోచిన అంకె వేసి, మళ్ళీ నడిపించేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, పేరు అచ్చువేసే పనినంతా విడిగా ఒకచోట రాసిపెట్టాను. దాన్ని ఫంక్షన్ అంటారు. అందులో పేరు ఉండాల్సిన చోటును మాత్రం ఖాళీగా వదిలేశాను. పని చేయమని ఆ ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు ఎవరి పేరు కావాలో చెబితే చాలు. ఆ ఖాళీ పేరే పారామీటర్. పుస్తకంలో నిర్వచనం పదిసార్లు చదివాను కానీ, సేటు చుట్టాలు మీద పడితే తప్ప అది నాకు తలకెక్కలేదు.

అక్కడితో అయిపోలేదు. రెండు రోజుల తర్వాత సేటు దిగాలుగా మెట్లెక్కి వచ్చాడు.

"ఏమైంది సేటూ?"

"ఇంట్ల పరేషాన్ అయితున్నదమ్మా. మా బావమర్ది పేరు కాయిదం నిండ వచ్చిందట, మా ఇంటామె పేరు జర తక్కువొచ్చిందట. కూసొని లెక్కవెట్టింది. నిన్నటి సంది నాతోని మాట్లాడుతలేదు."

నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది. ఆ సాయంత్రమే ఫంక్షన్లో రెండో ఖాళీ పెట్టాను: ఎన్నిసార్లు. ఇక ఎవరి పేరు, ఎన్నిసార్లు అని రెండూ చెప్పాలి. అదే వరుసలో చెప్పాలి. తారుమారుగా చెబితే కంప్యూటర్‌కు తిక్కరేగుతుంది. సేటుకు ఇది చెప్పగానే తలూపాడు.

"మా గుమస్తా గూడ గంతే. ఏం బట్ట అన్నది ముందుగాల చెప్పాలె, ఎన్ని మీటర్లు అన్నది తర్వాత. ఉల్టా చెప్తే ఎర్రిచూపు చూస్తడు."

చదువుకున్న పెద్దసార్ల దగ్గర తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. వాళ్ళలో సగం మంది పాఠం ఎందాకా వచ్చిందని అడిగారే తప్ప, అదేమిటో చూపించమని అడగలేదు. సేటు మాత్రం ప్రతిరోజూ వచ్చి ఏదో ఒకటి కావాలన్నాడు. అలాంటి యజమాని దొరికితే వదులుకోకండి. ఇంకోమాట: నిర్వచనం ముందు, ఉదాహరణ వెనక అనే పద్ధతి ఒక జబ్బు. మొదటి రోజు బోర్డు మీద ఏమీ రాయకండి. ప్రతి పిల్లకూ తన పేరు తెర మీద పడేలా చేయండి. పేరు పడ్డాక వాళ్ళే అడుగుతారు, "మా చెల్లె పేరు గూడ రావాల్నంటే ఎట్ల?" అని. ఇక మీ పాఠం దానంతటదే నడుస్తుంది.

పప్పు ఆగిపోయిన బంతి

మహబూబాబాద్‌లో మా ప్రిన్సిపాల్ సారు మంచివాడే కానీ ఫలితాలంటే ఆయనకు వణుకు. "మేడం, పరీక్షల వచ్చే ప్రోగ్రాంలు బట్టీ పట్టించుండ్రి. సమజ్ అయితదా కాదా తర్వాత సంగతి" అనేవాడు. పిల్లలు నక్షత్రాల త్రిభుజాన్ని ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్ళు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు.

ఆ ఏడాది పరీక్షకు బయటి నుంచి వచ్చిన సారు నవ్వుతూ ఒకే మాట అన్నాడు. "ఐదు వరుసలు గాదు, ఏడు చేసి చూపించుండ్రి." ఒక్క అంకె మార్చాలి, అంతే. ఆ అంకె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఒక పిల్లవాడు మాత్రం చకచకా చేసి చూపించాడు. తీరా చూస్తే లూపుతో ఐదు వరుసలు వేసి, చివరి రెండు వరుసల నక్షత్రాలను చేత్తో టైప్ చేశాడు! నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకొని బయటికి పరుగెత్తాను. నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. బట్టీ పట్టించి పిల్లలకు ఎంత అన్యాయం చేస్తున్నామో ఆ రెండు వరుసలు చెప్పాయి.

కొన్ని రోజులకు మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ అక్క పెళ్ళికి పోయాను. పందిట్లో బంతులు వేశారు. చాపలు పరిచి, వరుసలుగా కూర్చోబెట్టి, ముందు ఆకులు వేశారు. నేను రెండో వరుసలో కూర్చున్నాను. అన్నం వచ్చింది. పప్పు బకెట్ పట్టుకున్న కుర్రాడు మొదటి వరుస మొత్తానికి వడ్డించుకుంటూ చివరికి పోయాడు. అక్కడెవరో చుట్టం పలకరించాడు. మాట్లాడి, పని అయిపోయిందనుకొని బకెట్ తీసుకొని వంటల దగ్గరికి వెళ్ళిపోయాడు. వెనక వరుసలన్నిటికీ ఉత్త అన్నమే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కానీ, ఆ రోజు వడ్డించేవాడు మాలో ఎవరివాడూ కాదు.

నా పక్కన కూర్చున్న అవ్వ గట్టిగా అరిచింది.

"ఓ పిలగా! ఒక్క బంతికే వడ్డిచ్చి పోతవా? మళ్ల మొదటి ఆకు కాడికి రావాలె గద!"

నేను అన్నం ముద్ద చేతిలో పట్టుకొని బిగుసుకుపోయాను. సొంతంగా రాయమంటే నా పిల్లలు చేస్తున్న తప్పు ఇదే! లోపలి లూపు మొదటి వరుస పూర్తి చేశాక, దాని లెక్కను మళ్ళీ ఒకటికి తెచ్చుకోవడం మరిచిపోతున్నారు. లెక్క చివర్లోనే నిలిచిపోతోంది. అందుకే మొదటి వరుస సరిగ్గానే పడుతుంది, ఆ కింద వరుసకు ఒక్క నక్షత్రమే, మిగతా అంతా ఖాళీ. బయటి లూపు అంటే ఎన్నో బంతి. లోపలి లూపు అంటే బంతిలో ఎన్నో ఆకు. కొత్త బంతి మొదలైనప్పుడల్లా మళ్ళీ మొదటి ఆకు! నాకు నవ్వు ఆగలేదు. అవ్వ నన్ను అనుమానంగా చూసి, "పప్పు రాకుంటే నవ్వుతున్నదేందమ్మా గీమె" అని జర పక్కకు జరిగింది.

మర్నాడు కాలేజీ వరండాలో విస్తరాకులు పరిపించాను. గిన్నెలో ప్యాలాలు పోయించాను. ఒకరు ఎన్నో బంతో కేకేసి చెప్పాలి, ఇంకొకరు గిన్నె పట్టుకొని ఆకు ఆకుకూ గుప్పెడు వేయాలి. మరిచిపోతే వెనకవాళ్ళు అరవాలి. అరుపులకు ప్రిన్సిపాల్ సారు గదిలోంచి వచ్చాడు.

"గిదేంది మేడం? కాలేజా, పెండ్లి పందిరా?"

"కూసోండ్రి సార్. రెండో బంతిల ఒక ఆకు ఖాళీగున్నది."

ఏమనుకున్నాడో ఏమో, కూర్చున్నాడు. గిన్నె పట్టుకున్న పిల్లవాడు సారును చూసిన భయంతో మొదటి బంతి చివరే నిలబడిపోయాడు. సారు కాసేపు చూసి, "ఏమయ్యా, నాకేది?" అన్నాడు. వరండా అంతా ఒకే గొంతుతో, "లోపలి లెక్క మొదటికి రాలే సార్!" అని అరిచింది. ఆయన ప్యాలాలు తిని, చేతులు దులుపుకొని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బట్టీ మాట నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు. పై అధికారి తప్పు చెబుతున్నాడని మీకు అనిపిస్తే వాదించకండి. ఒక ఆకు వేసి కూర్చోబెట్టండి.

ఖాళీ తెర

ఇక భూపాలపల్లి. మా క్లాసులో చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాళ్ళ పిల్లలు ఉండేవాళ్ళు, బొగ్గు గనుల పిల్లలు ఉండేవాళ్ళు, పత్తి చేన్ల నుంచి వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. ఇక్కడ కూడా వరండాలో బంతి వేయించాను. రూతు గిన్నె పట్టుకుంటే ఒక్క ఆకు తప్పిపోయేది కాదు. ఆ పిల్లకు లూపు అర్థం కాలేదంటే నేను నమ్మను. కానీ ల్యాబ్‌లో నేను ఆమె దగ్గరికి పోయేసరికి ఎప్పుడూ తెర ఖాళీగా ఉండేది.

"ఏది బిడ్డా, చూపించు."

"తప్పొచ్చింది మేడం. తుడిచేసిన."

"ఏం తప్పొచ్చింది?"

"పక్కోళ్ళకు వచ్చినట్టు రాలే."

అంతకుమించి చెప్పేది కాదు. మొదటి పరీక్షలో కూడా అదే చేసింది. సారు వచ్చేలోగా తుడిచేసి, ఖాళీ తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆమె ఏం రాస్తోందో చూద్దామని వెనక నిలబడితే వేళ్ళు కదిలేవి కావు. ఏం చేయాలో నాకు తోచలేదు. మిల్లుకు పోతానన్న మాట మాత్రం చెవిలో గింగురుమంటూనే ఉంది.

పరీక్షకు ముందు ఆదివారం వాళ్ళ చర్చిలో ప్రేమవిందు ఉందని రూతే నన్ను పిలిచింది. "మీరెప్పుడు బంతి బంతి అంటరు గద మేడం. అసలు బంతి మా ఊర్ల సూద్దురు రాండ్రి" అంది. బస్సెక్కి పోయాను.

చిన్న చర్చి. ముందు షామియానా. ప్రార్థన అయ్యాక చాపలు పరిచారు. రూతును చూసి నోరు తెరిచాను. చున్నీ నడుముకు బిగించి, బకెట్లు మోసే అన్నలందరినీ ఉరికిస్తోంది.

"ఏ యోహానన్నా, కూర ఆడ ఆగింది సూడు! నీళ్ళెవరు తెస్తున్నరు? జల్ది!"

క్లాసులో గొంతు పెగలని పిల్ల! నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. నన్ను అతిథినని మొదటి వరుసలో పాస్టరయ్య పక్కన కూర్చోబెట్టారు. మాంసం కూర వాసన ముక్కుకు తగులుతోంది. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. బకెట్లు నా ముందు నుంచే పోతున్నాయి కానీ నా ఆకులో ఏమీ పడటం లేదు. అన్నీ చివరి వరుసకు పోతున్నాయి. చివరిది అయ్యాక దాని ముందుది. అది అయ్యాక దాని ముందుది. మా వరుస అన్నిటికంటే ఆఖరు.

పాస్టరయ్య తన ఖాళీ ఆకు చూపించి నవ్వాడు. "మా కాడ గంతే మేడం. ఎనుక నుంచే వడ్డిస్తరు."

మా దగ్గరికి కూర తెచ్చిన రూతును అడిగాను. "గిట్లెందుకు బిడ్డా?"

"ముందట కూసున్నోళ్ళకు ఎట్లయిన వస్తది మేడం. కూర తక్కువైతే ఎప్పుడూ ఎనుకటోళ్ళకే తక్కువైతది. గందుకే మేము ఆఖరి వరుస కాడ షురూ జేస్తం. నేను గింతున్నప్పటి సంది గంతే. తినుండ్రి, సల్లారిపోతది."

కడుపునిండా తిని తిరుగు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చొని కునుకు తీయబోతూ ఒక్కసారి "అయ్యో!" అని అరిచాను. కండక్టర్ గంట కొట్టి బస్సు ఆపించాడు. "ఏమైంది మేడం, మీ స్టేజీ దాటిందా?" "లేదన్నా, దొరికింది, పోనియ్యి!" అన్నాను. బస్సులో అందరూ నావైపు చూశారు. చూడనీ అనుకున్నాను. ఎప్పుడెప్పుడు తెల్లారుతుందా అనిపించింది.

సోమవారం రూతును కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. "రాయి. తుడిచేస్తే నా మీద ఒట్టు" అని అవతలికి తిరిగి నిలబడ్డాను. కాసేపటికి, "అయింది మేడం, గని తప్పే వచ్చింది" అంది. తిరిగి చూశాను. పైన ఐదు నక్షత్రాలు, కింద నాలుగు, తర్వాత మూడు, రెండు, ఒకటి. తలకిందుల త్రిభుజం. ఆమె చేయి తుడిచే మీట మీదికి పోతోంది. పట్టుకున్నాను.

"ఐదో వరుస కాడ ఎందుకు షురూ జేసినవ్?"

అన్నం ఏ చేత్తో తింటావని అడిగినట్టు చూసింది. "ఆఖరి వరుసతోనే గద మేడం షురూ జేయాలె?"

అంతే. నేను ల్యాబ్ దద్దరిల్లేలా నవ్వాను. యాకూబ్ వచ్చి చూసి పోయాడు. ఆమె రాసిన లూపులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. లోపలి లెక్క ప్రతి వరుసకూ మొదటికి వస్తోంది. ఇన్నాళ్ళూ తుడిచేసినవన్నీ సరైనవే. పక్కవాళ్ళ త్రిభుజం నిలబడి ఉంటే, తనది తలకిందులైంది కాబట్టి తనకు రాదనుకుంది.

"ఇది తప్పు గాదు బిడ్డా. నువ్వు వేరే దిక్కు నుంచి వడ్డించినవ్, గంతే."

"మరి పరీక్షల సున్నా ఎందుకొచ్చింది?"

"తుడిచేసినవ్ గద! ఖాళీ ఆకు చూసి ఎవరన్న బాగున్నదంటరా?"

కొంచెం నవ్వింది. మళ్ళీ ముఖం ముడుచుకుంది. "అయితే ఇగ ముందటి వరుస కాడ షురూ జేసుడు అలవాటు జేసుకోవాల్నా?"

ఆ గొంతులో ఇష్టం లేదు. అవును, పరీక్ష కోసం మార్చుకో అని చెప్పేస్తే పని సులువుగా అయిపోయేది. నాకు శంకరయ్య సేటు చుట్టాలు గుర్తొచ్చారు. "అక్కర్లేదు. ఏ వరుస నుంచి, ఏ వరుస దాకా అన్నవి రెండూ ఖాళీలు పెట్టి ఫంక్షన్ రాయి. అడిగినోళ్ళు ఎటు నుంచి అడిగితే అటు నుంచి వడ్డించు" అన్నాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మొదటి అంకె పెద్దదైతే ఒక్కొక్కటి తగ్గించుకుంటూ రావాలి, చిన్నదైతే పెంచుకుంటూ పోవాలి అన్న షరతు కూడా తనే కనిపెట్టి రాసింది. ఐదు, ఒకటి అంటే తలకిందులు. ఒకటి, ఐదు అంటే నిటారు. మేమిద్దరం దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ ఆడుకున్నాం. పిల్లలకు తప్పు జవాబు వస్తే దాన్ని దిద్దకముందే, ఎందుకలా అనుకున్నావని అడగండి. మీరు నేర్చుకోవాల్సిన పాఠాలన్నీ ఆ జవాబులో దొరుకుతాయి.

వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగింది. "పరీక్షల భయమైతది మేడం. చెయ్యి దానంతటదే తుడిచేస్తది" అంది.

పరీక్ష

శుక్రవారం పరీక్ష. బయటి నుంచి వచ్చిన సారు సన్నగా, గంభీరంగా ఉన్నాడు. మాటకు ముందు గడియారం చూసుకునే రకం. నేను ఆ కాలేజీ మనిషిని కాబట్టి పిల్లలతో ఏమీ మాట్లాడకూడదు. నాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. యాకూబ్, "నీళ్ళు తాగుండ్రి మేడం, ముఖం ఎర్రగైంది" అన్నాడు.

రూతుకు ఆ త్రిభుజమే వచ్చింది. కుదురుగా రాసింది. సారు సరిగ్గా ఆమె వెనకకు చేరినప్పుడే నడిపించింది. అలవాటుకొద్దీ ఐదు, ఒకటి అని పిలిచింది. తెర మీద తలకిందుల త్రిభుజం.

"ఉల్టా వచ్చింది. తప్పు" అన్నాడు సారు. పెన్ను ఆమె కాగితం మీదికి పోయింది.

రూతు వేలు తుడిచే మీట మీద ఉంది. ఆ వేలు కిందికి దిగితే ఈ పిల్ల మిల్లుకు పోతుంది. నేను పెదవి కొరుక్కొని కిటికీ ఊచ పట్టుకున్నాను.

వేలు వెనక్కి వచ్చింది.

"తప్పు గాదు సార్" అంది. "మీకు ఎటు నుంచి కావాలె?"

"ఏందీ?"

"పెద్ద వరుస పైన కావాల్నా, కింద కావాల్నా?"

సారు గడియారం వైపు చూడలేదు. "కింద" అన్నాడు.

ఆమె పిలిచేచోట రెండు అంకెలు తారుమారు చేసింది. త్రిభుజం నిటారుగా నిలబడింది.

"లోపల ఏం మార్చినవ్?"

"లోపటిది ముట్టుకోలే సార్. పిలిచిన కాడనే మార్చిన."

ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. "ఏడు వరుసలు?" ఒకటి, ఏడు. వచ్చింది. "రెండూ ఒకదాని కింద ఒకటి రావాల్నంటే?" ఆమె ఫంక్షన్‌ను రెండుసార్లు పిలిచింది, ఒకసారి ఎక్కుతూ, ఒకసారి దిగుతూ. నడుమ పెద్ద వరుస రెండుసార్లు పడింది. సారు నోరు తెరిచేలోపే, "ఆగుండ్రి, రెండోది ఆరు కాడ షురూ గావాలె" అని తనే దిద్దుకుంది. ఇప్పుడు నక్షత్రాలు పెరిగి, తరిగి, ఒక కోణం తిరిగాయి. ఎవరూ అడగకుండానే ఆ రెండు పిలుపులనూ ఇంకో లూపులో పెట్టింది. చీర అంచు మీద గోపురాల్లా నక్షత్రాలు పెరుగుతూ తరుగుతూ తెర కింది దాకా జారిపోయాయి! పక్క పిల్లలు తమ పరీక్ష వదిలేసి తలలు తిప్పారు. యాకూబ్ లోపలికే వచ్చేశాడు. నాకు ఎగరాలనిపించింది, ఎగరకూడదు, కిటికీ ఊచను ఊపేశాను.

"ఇగ చాలు బిడ్డా, ఆపు" అన్నాడు సారు నవ్వుతూ. "నీకు మార్కులు ఎప్పుడో ఏసిన."

రూతు నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు, మాట్లాడకూడదన్న నియమం ఒకటి.

పరీక్ష అయిపోయాక వరండాలో మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. చర్చిలో బకెట్ల అన్నలను ఉరికించిన గొంతు అది. ల్యాబ్‌లోకి వినబడింది.

"నాయినా, అత్తకు చెప్పు, నా కోసం చూడొద్దని. మిల్లుకు నేను వస్తలేను. ఆ, పాసే. సారు నా ముంగటనే మార్కులేసిండు. లే నాయినా, ఇంటికాడ ఉండ. రేపు పొద్దుగాల బస్సుకే పోత. నాకు రేపు క్లాసున్నది."

మర్నాడు రెండో శనివారం, కాలేజీకి సెలవు. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు. యాకూబ్ దగ్గరికి పోయి ల్యాబ్ తాళంచెవి అడిగి తీసుకున్నాను.